ఖాళీ జోలె బరువు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, చదివేవాళ్లు నన్ను పిరికిదాన్నని అనుకోవడం నాకు ఇష్టం లేదు కాబట్టి. నర్సుగా పోయినవాళ్ల కళ్లు ఎంతమందివి మూశానో నాకే గుర్తులేదు. వార్డులో ఫలానా మంచం మంచిది కాదని తోటి నర్సులు గుసగుసలాడుకుంటే, డ్యూటీ మధ్యలో అదే మంచం మీద నడుం వాల్చిన మనిషిని నేను. మా ఇంట్లో దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం ఎవరికీ అలవాటు లేదు. అమ్మ ప్రార్థన చేసుకునేది. అన్న యంత్రాలను నమ్మేవాడు. నేను డాక్టరు రాసిన చీటీని నమ్మేదాన్ని.

అయినా తాండూరులో ఒక మధ్యాహ్నం ఒకటి జరిగింది. నేను చూసింది, చేసింది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అప్పట్లో మేం వికారాబాద్‌లో ఉండేవాళ్లం. అసలు మాది మర్పల్లి పక్క పల్లె. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. అమ్మ పేరు ఎస్తేరమ్మ. పొలం పనులు చేసి అన్నను, నన్ను పెంచింది. పోలీస్ యాక్షన్ తర్వాతి ఏళ్లలో అన్న ప్రకాశానికి రైల్వేలో ఫిట్టర్ పని దొరికి, వికారాబాద్ జంక్షన్ దగ్గర చిన్న క్వార్టర్ ఇచ్చారు. నేను నర్సు చదువు పూర్తి చేసుకుని వచ్చి ఆ ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో చేరాను.

ఇక అమ్మ సుఖంగా కూర్చుంటుందని అనుకుంటున్న రోజుల్లో ఆమెకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పూర్తిగా పడిపోయాయి. అమ్మ భారీ మనిషి. అన్న డ్యూటీలో ఉన్నప్పుడు ఆమెను లేపి కూర్చోబెట్టడం నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. ఒకసారి ఇద్దరం కింద పడ్డాం కూడా.

నేను చదువుకున్న చోట రోగులను ఎత్తడానికి విదేశాల నుంచి తెప్పించిన ఒక స్టాండు ఉండేది. దాని సంగతి అన్నకు చెప్పాను. అన్న నాలుగు రోజులు ఆలోచించి తనకు తోచినట్టు ఒకటి తయారు చేశాడు. మంచానికి రెండు పక్కలా ఇనుప పైపుల కాళ్లు, పైన అడ్డంగా ఒక లావుపాటి పైపు. తాండూరు గనుల్లో బండలు లేపే పాత గొలుసు కప్పీ ఒకటి సంపాదించి ఆ అడ్డ పైపుకు వేలాడదీశాడు. కప్పీ కొక్కేనికి ఒక ఇనుప కడ్డీ, కడ్డీకి పట్టీలు, పట్టీలకు మందపాటి కాన్వాసుతో కుట్టించిన జోలె. జోలె ముందువైపు తెరిచి ఉంటుంది, కుర్చీలో కూర్చున్నట్టే కూర్చోవచ్చు.

చేతి గొలుసును ఒకవైపు లాగితే జోలె పైకి పోతుంది, రెండోవైపు లాగితే కిందికి వస్తుంది. లాగడం ఆపితే ఎక్కడిదక్కడే నిలిచిపోతుంది, లోపల బ్రేకు పట్టుకుంటుంది. మనిషి పైకి లేచాక మంచాన్ని అవతలికి జరిపి, కింద కుర్చీ పెట్టి దించుతాం. అంతే. చూడటానికి మోటుగా ఉండేది కానీ ఏనాడూ మొరాయించలేదు. అమ్మ దాని మీదే కొన్నేళ్లు వెళ్లదీసింది.

తర్వాత అమ్మ పోయింది. ఇక్కడ కాదు, హైదరాబాద్ పెద్దాసుపత్రిలో. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని అన్న రైల్లో తీసుకుపోయాడు. అక్కడ రెండు రోజులుంది. ఎండలు ముదిరిన కాలం, శవాన్ని తేవడం కష్టమని అక్కడే సమాధి చేశారు. నాకు కబురు అందేసరికి అంతా అయిపోయింది.

నేను ఏడవలేదు. ఏడవకూడదని అనుకోలేదు, రాలేదు అంతే. చర్చి వాళ్లు వచ్చి కూర్చుని పోయారు. నేను వాళ్లకు చాయ్ పెట్టి ఇచ్చాను. మళ్లీ డ్యూటీకి పోయాను. ఒకరోజు సూదులు ఉడకబెట్టి తీస్తుంటే ఒకటి వేలిలో దిగింది. దూది మీద ఎర్రగా కనబడేదాకా నాకు తెలియనే లేదు. అన్నం తింటే తిన్నట్టుండేది కాదు. ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పేదాన్ని, ఏం చెప్పానో వెంటనే మరిచిపోయేదాన్ని. నెలలు అలాగే గడిచాయి.

మా డాక్టరు నన్ను గమనించే ఉంటాడు. తాండూరులో ఒక పటేలు ఇంట్లో పేషెంటు ఉంది, కొన్నాళ్లు వార్డు వదిలి అక్కడ చూసుకో అన్నాడు. సరే అన్నాను. వద్దనడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

ఆ పేషెంటు పేరు అనసూయమ్మ. అటక మీద ధాన్యం చూడటానికి ఎక్కి నిచ్చెన మీంచి పడింది. వెన్నుపూస దెబ్బతిని నడుం కింద స్పర్శ లేదు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. బాగా సన్నం, కానీ మాట మాత్రం గట్టిది. భర్త వెంకట్రెడ్డి పటేలు నెమ్మదస్తుడు. ఆమెను కనిపెట్టుకుని ఉండటానికి బసమ్మ అనే ఒకామె ఉండేది. సరిహద్దు అవతలి నుంచి వచ్చింది కాబట్టి ఆమె తెలుగులో సగం కన్నడమే. నేను పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు తిరిగి వచ్చేదాన్ని.

మొదట్లో అనసూయమ్మ నన్ను నీళ్ల కుండ దగ్గరికి పోనిచ్చేది కాదు. నాకు కోపం కూడా రాలేదు. ఆమెకు వీపు మీద పుండ్లు మొదలయ్యాయి. రోజూ లేపి కూర్చోబెట్టాలి, స్నానం చేయించాలి. లేపడానికి ఇద్దరు జీతగాళ్లను పిలిచేవారు. వాళ్లు ముట్టుకున్నంతసేపూ ఆమె కళ్లు మూసుకుని ఉండేది. అది చూసి ఒకరోజు మా ఇంట్లో ఊరికే ఉన్న స్టాండు సంగతి పటేలుకు చెప్పాను. అన్న విప్పి రైల్లో వేసుకొచ్చి, ఆ గదిలో బిగించి పోయాడు.

మొదటిసారి జోలెలో లేచిన రోజు అనసూయమ్మ మెడ తిప్పి గదంతా చూసింది. కిటికీలోంచి వాకిట్లోని కోళ్లను చూస్తూ కూర్చుంది.

"మొగోళ్లు లేపుతుంటే పీనుగును లేపినట్టుండె పిల్లా," అంది చివరకు. "గిది మంచిగున్నది."

ఆ రోజు నుంచి నాకు నీళ్లు ఆమె కుండలోంచే వచ్చాయి.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. ఉగాది వెళ్లి కొన్నాళ్లయింది. పొద్దెక్కితే బయట బండల మీద కాలు పెట్టలేని ఎండ. పొద్దున పది దాటాక అనసూయమ్మకు స్నానం చేయించాలని నేనూ బసమ్మా సిద్ధమయ్యాం. ఆమెకు దుప్పటి చుట్టి, జోలెలో కూర్చోబెట్టి గొలుసు లాగాను. ఎప్పటిలాగే పైకి లేచింది. బసమ్మ మంచాన్ని అవతలికి లాగి, కింద స్నానం బల్ల వేసింది. దించుదామని రెండోవైపు గొలుసు పట్టుకున్నాను.

గొలుసు కదల్లేదు.

గట్టిగా లాగాను. అసలు కదల్లేదు. పైకి పోతుందేమోనని అటువైపూ లాగి చూశాను. అదీ లేదు. ఇన్నేళ్లలో అలా జరగలేదు కాబట్టి ఏదో చిన్న అడ్డమే అనుకున్నాను. చేతి గొలుసులో లంకె ఏదైనా మెలిపడిందేమోనని పైనుంచి కిందిదాకా వేళ్లతో తడిమాను. లేదు. జోలె పట్టీ కప్పీలో ఇరుక్కుందేమో చూశాను. పట్టీలన్నీ కడ్డీకి సరిగ్గానే ఉన్నాయి. స్టూలెక్కి నూనె పోశాను. నూనె నా చేతి మీదుగా కారింది. గొలుసు మాత్రం అలాగే ఉంది.

"ఏమైంది?" అంది అనసూయమ్మ పైనుంచి.

"గొలుసు పట్టేసిందమ్మా. జర ఓపిక పట్టుండ్రి."

"ఓపిక పట్టక ఉరుకుతనా?" అంది.

గాలిలో వేలాడుతున్న మనిషిని ఎక్కువసేపు అలా ఉంచకూడదు. తొడల కింద పట్టీ ఒత్తుకుంటే ఆమెకు తెలియదు, చర్మం తెగుతుంది. బల్ల తీసేసి మంచాన్ని మళ్లీ కిందికి తెచ్చాం. ఇంట్లో ఉన్న బొంతలన్నీ తెప్పించి మంచం మీద ఒకదానిమీద ఒకటి పేర్చి, ఆమె కిందికి దోపాం. ఆమె బరువంతా బొంతల మీదికి వచ్చేసింది. అప్పుడు పైన గొలుసు వదులు కావాలి. కడ్డీని కొక్కెం నుంచి తీసేద్దామని చెయ్యి పెట్టాను. గొలుసు వీణ తీగలా బిగుసుకునే ఉంది.

అప్పుడే నాకు తేడాగా అనిపించి ఉండాలి. అనిపించలేదు. ముందు మనిషిని బయటికి తీయాలన్న ఒక్క ఆలోచనే ఉంది. పటేలును పిలిచాం. ఆయన భుజాల దగ్గర, నేను నడుం దగ్గర, బసమ్మ కాళ్ల దగ్గర పట్టుకుని జోలె ముందువైపు నుంచి ఆమెను మెల్లగా బొంతల మీదికి జారదీసి, పక్క గదిలోంచి తెచ్చిన మరో మంచం మీద పడుకోబెట్టాం. తేలిగ్గానే వచ్చింది. పుండ్లు చూశాను, ఏమీ కాలేదు.

వెనక్కి తిరిగేసరికి బసమ్మ బొంతలు తీసేసి, మంచాన్ని పక్కకు లాగి, అక్కడే ఆగిపోయి ఉంది.

"శివనే," అంది మెల్లగా. "సిస్టరమ్మా, నోడు." చూడమని జోలె వైపు చెయ్యి చూపింది.

కింద బొంతలు లేవు. జోలె గాలిలో ఉంది. మనిషిని తీసేశాక ఆ కాన్వాసు నీళ్లు పిండిన బట్టలా కిందికి వేలాడాలి. వేలాడలేదు. ఇంకా ఎవరో కూర్చుని ఉన్నట్టే అడుగు గుండ్రంగా ఉబ్బి ఉంది. పట్టీలన్నీ బిగిసి ఉన్నాయి. లోపల ఏమీ లేదు. అవతలి గోడ కనబడుతోంది.

పట్టపగలు. కిటికీ తెరిచి ఉంది. ఆ గదిలో నలుగురం ఉన్నాం, నలుగురం చూశాం.

కాన్వాసు తడిసి గట్టిపడిందేమో అన్నాడు పటేలు. స్నానం ఇంకా మొదలే పెట్టలేదు, తడి ఎక్కడిది. నేను వేలితో జోలెను పక్కకు నెట్టాను. ఖాళీ జోలె అయితే చటుక్కున ఊగాలి. అది బరువుగా, నిదానంగా ఊగి, నిదానంగా ఆగింది. రోగి ఉన్న జోలె ఎలా ఊగుతుందో నాకు తెలుసు.

పటేలు జీతగాణ్ణి స్టేషన్‌కు పంపాడు. అక్కడివాళ్లు వికారాబాద్‌కు కబురు చెప్పారు. మధ్యాహ్నం ప్యాసింజర్‌లో అన్న పనిముట్ల సంచీతో దిగాడు. వచ్చేదాకా ఆ గదిలో ఎవరం దాన్ని ముట్టుకోలేదు. నేను అనసూయమ్మకు మంచం మీదే ఒళ్లు తుడిచి, మజ్జిగన్నం తినిపించాను. ఆమె తింటూ దాని వైపే చూస్తోంది.

"ఎవలో కూసున్నట్టున్నది," అంది. మామూలుగానే అంది, ఎవరో చుట్టం వచ్చిందన్నట్టు.

అన్న రాగానే నవ్వాడు. చేతి గొలుసు చూశాడు, నేను చూసినట్టే. కప్పీ పైమూత విప్పి పళ్లచక్రాలు చూశాడు. చక్రం వెనక్కి తిరగకుండా ఆపే ఇనుప నాలుకను పుల్లతో కదిపాడు, దాని స్ప్రింగు బాగానే ఉంది. చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. నిలబెట్టిన పైపులు ఏమైనా ఒరిగాయేమో దారం కట్టి చూశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అప్పుడు నవ్వడం మానేశాడు.

"బరువుంటనే బ్రేకు గిట్ల పట్టుకుంటది," అన్నాడు. "బరువు తీస్తే వదుల్తది. బరువు తియ్యుండ్రి."

"ఏం బరువున్నది ప్రకాశం, నువ్వే చూడు," అన్నాడు పటేలు.

అన్న కడ్డీకి ఒకవైపు, పటేలు ఇంకోవైపు చేతులు వేసి పైకి లేపారు. ఖాళీ కడ్డీ, ఖాళీ జోలె, చిన్నపిల్ల కూడా లేపగలదు. ఇద్దరి మెడల మీదా నరాలు తేలాయి. గొలుసు ఒక వేలంత వదులయింది. లోపల ఇనుప నాలుక టక్‌మంది. చేతులు వదలగానే గొలుసు మళ్లీ బిగుసుకుంది. పైన అడ్డ పైపు చిన్నగా కిరకిరలాడింది.

పటేలు చేతులు దులుపుకుని దూరంగా పోయి నిలబడ్డాడు.

అన్న జోలె చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత ముందువైపు నుంచి కుడిచెయ్యి జోలెలోకి మోచేతిదాకా పెట్టాడు. కొద్దిసేపు అలాగే ఉంచి బయటికి తీశాడు. ఆ చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. చేతికి ఏమీ అంటలేదు. అది నేను చూశాను.

"పట్టీలు కోసేస్త," అన్నాడు. "కోస్తే దానంతట అదే వదుల్తది."

సంచీలోంచి కత్తి తీశాడు. నేను అడ్డం పోయాను.

"వద్దన్నా. కోస్తే పడిపోతది."

"ఏం పడిపోతది?"

అందరూ నా వైపు చూస్తున్నారు. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. పైన మనిషి ఉండగా పట్టీ మీద చెయ్యి వెయ్యొద్దని మాకు నేర్పుతారు. అలవాటులో అన్నానేమో.

అన్న కత్తి మడిచి సంచీలో వేసి బయటికి పోయాడు. నేనూ వెంట పోయాను. వాకిట్లో నీడ పట్టున నిలబడి బీడీ ముట్టించాడు. నా ముందు కాల్చేవాడు కాదు, ఆ రోజు కాల్చాడు.

"అన్నా, ఎడమ దిక్కు చూసినవా?"

"చూసిన," అన్నాడు.

నేనేం అడిగానో మీకు చెప్పాలి. జోలె అడుగు రెండు వైపులా ఒకేలా ఉబ్బిలేదు. ఎడమవైపు కిందికి దిగి ఉంది, అటువైపు పట్టీ ఎక్కువ బిగిసి ఉంది. అనసూయమ్మ కూర్చుంటే రెండు వైపులా సమంగా ఉంటుంది. ఆమెకు రెండు కాళ్లూ సమంగానే పడిపోయాయి. ఎడమవైపు వాలిపోయి కూర్చునేది మా అమ్మ.

అమ్మను హైదరాబాద్ తీసుకుపోయిన రోజు జరిగింది కూడా ఇక్కడే చెప్పాలి. ఆ రోజు పొద్దున నేనే ఆమెను జోలెలో లేపాను. అప్పటికి ఊపిరి ఆడక ఆయాసపడుతోంది. మంచం జరిపాం. రైలుకు టైమవుతోందని అన్న స్నేహితులు స్ట్రెచర్‌ను తెచ్చి నేరుగా జోలె కిందికి ఎత్తి పట్టుకున్నారు, పట్టీలు విప్పి అలాగే స్ట్రెచర్ మీదికి తీసుకున్నారు. దించే పని లేకపోయింది. నేను గొలుసు పట్టుకునే నిలబడి ఉన్నాను. వాళ్లు గుమ్మం దాటారు. నువ్వు ఇంటి దగ్గర ఉండు, రేపు ఎల్లుండి వచ్చేస్తాం, మంచం అదీ శుభ్రం చేసి పెట్టు అన్నాడు అన్న. నేను చేసి పెట్టాను. అందులో ఎవరి తప్పూ లేదు. అలా జరిగింది, అంతే.

వాకిట్లో నిలబడ్డప్పుడు ఇదంతా ఇలా వరసగా నేను ఆలోచించలేదు. ఎండ కళ్లలో పడుతోంది. నాకు భయం వేయలేదు, దుఃఖమూ రాలేదు. పేషెంటు పైన ఉంది, దించాలి. అంతే అనిపించింది. డ్యూటీ గుర్తొచ్చినట్టు గుర్తొచ్చింది.

లోపలికి పోయాను. పటేలు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అనసూయమ్మ పక్క మంచం మీద మేలుకునే ఉంది. నేను పరుపు దులిపి, ఉతికిన దుప్పటి పరిచి, మంచాన్ని జోలె కిందికి జరుపుతుంటే బసమ్మ వచ్చి రెండో కోడు పట్టుకుంది. ఎందుకని అడగలేదు.

"దించు," అంది అనసూయమ్మ. "నన్నెట్ల దించుతవో గట్లనే దించు."

గొలుసు పట్టుకున్నాను. దించే ముందు రోగికి చెప్పాలి, చెప్పకుండా దించితే ఉలిక్కిపడతారు. చెప్పాను. చెప్పి లాగాను.

గొలుసు కదిలింది.

ఖాళీ కప్పీ గొలుసు గలగలమని పరుగెడుతుంది. అది అలా రాలేదు. లంకె తర్వాత లంకె, బరువు మీద దిగేటప్పుడు ఎలా వస్తుందో అలా వచ్చింది. చేతులు గుర్తుపడతాయి. నేను తొందరపడలేదు. జోలె అడుగు దుప్పటిని తాకింది. పరుపు కొంచెం కుంగింది. అది నా కళ్లతో చూశాను, బసమ్మ కూడా చూసింది. అప్పుడు గొలుసు వదులయింది. ఉబ్బి ఉన్న కాన్వాసు మెల్లగా, ముడతలు పడుతూ, చదునుగా పడిపోయింది. కుంగిన పరుపు మళ్లీ పైకి లేచిందో లేదో నేను చూడలేదు.

దిండు తీసుకుని ఎడమవైపు పెట్టాను. దుప్పటి అంచు సర్దాను.

"పండుకున్నదా?" అంది అనసూయమ్మ.

"ఆ," అన్నాను.

కొంతసేపయ్యాక ఆమె నన్ను దగ్గరికి పిలిచింది. అంతకుముందు ఎప్పుడూ నన్ను పిల్లా అనేది.

"బిడ్డా, నన్ను దించేటప్పుడు 'భయపడకుండ్రి అమ్మా' అంటవు. గిప్పుడు 'భయపడకు అమ్మా' అన్నవు. ఎవలను అన్నవు?"

నేను అలా అన్నానని నాకు తెలియదు. బసమ్మను అడిగితే ఆమె కూడా అలాగే విన్నానంది. నేను అనసూయమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

అన్న లోపలికి వచ్చి కప్పీని దించి, వరండాలో గోనెపట్టా మీద పెట్టి, మొత్తం విప్పాడు. ఒక్కొక్క చక్రం, ఒక్కొక్క పన్ను తుడిచి చూశాడు. విరిగింది లేదు, అరిగింది లేదు, ఇరుక్కున్నది లేదు. మళ్లీ బిగించి, పటేలును జోలెలో కూర్చోబెట్టి ఎత్తి దించాడు. నూనె వేసిన కొత్త యంత్రంలా పనిచేసింది. అలా పనిచేసినందుకు అన్న ముఖంలో సంతోషమేమీ కనబడలేదు.

సాయంత్రం రైల్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. పెట్టెలో జనం పలచగా ఉన్నారు. అన్న కిటికీలోంచి చేలు చూస్తున్నాడు.

"దించేటప్పుడు బరువుగుండెనా?" అన్నాడు.

"మస్తు లేదు," అన్నాను. "ఆఖరికి తగ్గిపాయె గద అమ్మ."

అన్న తల అటు తిప్పుకున్నాడు. నేను అన్నది అమ్మ చివరి రోజుల్లో చిక్కిపోయిన సంగతి. అలా ఎందుకన్నానో మాత్రం తెలియదు. ఆ బరువు అమ్మదని నేను ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు. ఇప్పుడూ అనడం లేదు.

ఇంటికి పోయి అన్నం వండాను. ఆకలేసింది, తిన్నాను. ఉప్పు ఎక్కువైందని తెలిసింది. నెలల తర్వాత నాకు రుచి తెలిసిన అన్నం అదే. ఏడుపు ఆ రోజూ రాలేదు. చాలా కాలం తర్వాత, ఏ కారణమూ లేకుండా, వార్డులో దుప్పట్లు మడత పెడుతుంటే వచ్చింది.

ఆ స్టాండు అనసూయమ్మ బతికినంత కాలం ఆమె గదిలోనే ఉంది. మళ్లీ ఎప్పుడూ ఆగలేదు. ఆమె పోయాక పటేలు కప్పీని తెలిసినవాళ్ల బండల గనికి ఇచ్చేశాడు. మీకు కావాలా అని మమ్మల్ని ముందు అడిగాడు, వద్దన్నాం. జోలెను బసమ్మ అడిగి తీసుకుపోయింది. ఏం చేసుకుందో తెలియదు.

తర్వాత నేను ఆలోచించకుండా ఉండలేదు. బ్రేకు పట్టేసి ఉండవచ్చు. ఎండకు పైపులు సాగి కప్పీ మీద ఒత్తిడి పడి ఉండవచ్చు, పొద్దు వాలి చల్లబడ్డాక వదిలి ఉండవచ్చు. గొలుసు బిగుసుకోవడానికి ఈ కారణాలు సరిపోతాయి. ఖాళీ కాన్వాసు ఉబ్బి ఉండటానికి సరిపోవు. ఇద్దరు మగవాళ్లు లేపలేక లేపిన దానికి సరిపోవు. నలుగురం ఒకేసారి భ్రమపడ్డామని అనుకుందామంటే, అన్న వచ్చేదాకా గంటల తరబడి అది అలాగే ఉంది. వచ్చాక అన్నా చూశాడు.

అన్న ఆ రోజు గురించి మాట్లాడేవాడు కాదు. ఎవరైనా అడిగితే కప్పీ పట్టేసిందనేవాడు. రిటైరయ్యాక, తనకు ఒంట్లో బాగా లేక నేను దగ్గరుండి చూసుకుంటున్నప్పుడు, ఒకసారి అడిగాను. ఆ దినం జోలెలో చెయ్యి పెట్టినవు గదా, ఏం తాకింది అని.

"ఏం తాకలే," అన్నాడు.

నేను ఆయన దుప్పటి సర్దాను. కొంతసేపటికి తనే అన్నాడు.

"అమ్మ దగ్గర కొబ్బరినూనె, సున్నుబ్బు కలిసిన వాసనొస్తుండె, యాదికున్నదా? ఏం తాకలే గని, చెయ్యికి గా వాసనొచ్చింది. అందుకే తుడుసుకున్న."

అనసూయమ్మ తలకు ఆముదం రాసేవాళ్లం, కొబ్బరినూనె కాదు. సున్నుబ్బు ఏమిటో మా ఇంట్లోవాళ్లకే తెలుసు, అమ్మ మోకాళ్లకు రాసుకునే పసరు మందుకు మేం పెట్టుకున్న పేరు. ఆ జోలెను అమ్మ పోయిన వారంలోనే సోడా వేసి ఉడికించి ఉతికింది నేను. తర్వాత ఎన్నోసార్లు ఉతికాం. వాసన మిగలడానికి వీల్లేదు.

నాకు దెయ్యాల మీద ఇప్పటికీ నమ్మకం లేదు. కానీ ఆ మధ్యాహ్నం నేను ఒక బరువును దించాను. అది ఏమిటో, ఎవరిదో, ఇన్నేళ్లు ఆలోచించినా నాకు తెలియలేదు.